సేఫ్ అనని టీచరు గారు

గోదారి వచ్చేటప్పుడు చప్పుడు చేస్తుంది, తీసేటప్పుడు వాసన వేస్తుంది. గోదారి మధ్య లంకల్లో పుట్టిన నాకు ఆ వాసన ఎక్కడున్నా తెలుస్తుంది. కుళ్ళిన అరటి డొప్పలు, నాని ఉబ్బిన గడ్డి, కాళ్ళకింద జారిపోయే ఒండ్రు, అన్నీ కలిసి గాలిలోకి ఎక్కుతాయి. ఇవాళ పొద్దున్న వరద బాధితుల క్యాంపు పెట్టిన హైస్కూలు వరండాలో నిలబడి ఆ వాసన పీలుస్తూ ఉంటే చేతిలో ఫోను టింగుమంది. మండలాఫీసు గ్రూపులో మెసేజి. 'వరద తగ్గుముఖం. మీ మీ గ్రామాల్లో అందరూ సేఫేనా? వెంటనే తెలుపగలరు.' నాలాంటి వీఆర్వోలు, అంటే గ్రామ రెవెన్యూ అధికారులు, టకటకా జవాబులిచ్చేశారు. ఒకరు 'సేఫ్', ఇంకొకరు 'ఆల్ సేఫ్ సర్', మరొకరు బొటనవేలి బొమ్మ. నా వేలు మాత్రం అక్షరాల మీద ఆడుతూ ఉండిపోయింది. చివరికి ఇలా రాశాను. 'లంక వాళ్ళందరూ క్యాంపులో ఉన్నారు. నీరు తీస్తోంది. ఒడ్డు కోత పడుతోంది. రేపు ఒడ్డు చూసేదాకా ఎవరినీ ఇళ్ళకి పంపడం లేదు.' వెంటనే తిరుగు మెసేజి వచ్చింది. 'సేఫ్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది కదమ్మా.' సరిపోదు సార్ అని రాయలేదు. ఉద్యోగం నాకూ కావాలి.

ఆ ఒక్క ముక్క రాయలేని రోగం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. సలోమి టీచరు గారు అంటించారు. ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. మా లంకకి ఎదురుగా, ఏటిగట్టు మీదున్న ఊళ్ళో హైస్కూలు. మేము పొద్దున్నే నావలో గోదారి దాటి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ నావలోనే వచ్చేవాళ్ళం. టీచరు గారిది రామచంద్రపురం. ఇక్కడ చర్చి పక్కన ఒక పెంకుటింట్లో అద్దెకుండేవారు. పెళ్ళి చేసుకోలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ లేతరంగు నేతచీరలో, కళ్ళజోడుతో, చంకలో గొడుగుతో ఉండేవారు. ఎండలో కూడా గొడుగు మూసే ఉండేది. అది వానకోసమని మేమనుకునేవాళ్ళం, కుక్కలకోసమట. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, స్టవ్వు వెలిగించడమంటే భయం. అన్నిటికంటే గోదారంటే భయం. గోదారి ఒడ్డు బడిలో ఏళ్ళ తరబడి పని చేసి, ఒక్కసారైనా నావ ఎక్కని మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. పిల్లలం వెనక చేరి ఎంత నవ్వుకునేవాళ్ళమో చెప్పలేను.

ఎనిమిదో తరగతిలో 'మై విలేజ్' అని వ్యాసం రాయమన్నారు. నేను తరగతిలో కాస్త ముందుండే రకాన్ని. ఆ పొగరు కూడా ఉండేది. మా లంక గురించి, కొబ్బరి తోటల గురించి రాసి, చివర్న 'మై విలేజ్ ఈజ్ బ్యూటిఫుల్ అండ్ సేఫ్' అని ముగించాను. కాగితం తిరిగి వచ్చేసరికి బ్యూటిఫుల్ జోలికి వెళ్ళలేదు గానీ సేఫ్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. స్పెల్లింగు తప్పేమోనని రెండు మూడుసార్లు చూసుకున్నాను. తప్పు కాదు. ఉక్రోషం ఆపుకోలేక లేచి నిలబడ్డాను.

"ఇందులో తప్పేంటండి?" అన్నాను.

"తప్పని నేను రాయలేదే. సున్నా చుట్టానంతే. దేన్నించి సేఫమ్మా మీ ఊరు?" అన్నారు.

"అన్నిట్నించీ అండి" అన్నాను.

"ఎంతసేపు?"

తరగతి మొత్తం నవ్వింది. టీచరు గారు నవ్వలేదు. ఆవిడ పరిహాసం ఆడే మనిషి కాదు. "చూడు సత్యా, బ్యూటిఫుల్ అని నీ ఇష్టం వచ్చినన్ని సార్లు రాసుకో. అది నీ కంటికి సంబంధించిన సంగతి. నాకు నచ్చకపోతే నాకు నష్టం లేదు. సేఫ్ అలాంటి మాట కాదు. నువ్వు సేఫ్ అన్నావనుకో, విన్నవాళ్ళు ఆ మాట మీద కాలు పెడతారు. అందుకని అది అనే ముందు కింద గట్టి నేల ఉందో లేదో నువ్వు చూసుకోవాలి" అన్నారు. తర్వాత బోర్డు వైపు తిరిగి, ఆ మాటకి తెలుగేంటో చెప్పమని అందరినీ అడిగారు. ఒకరు క్షేమం అన్నారు, ఒకరు భద్రం అన్నారు. ఆవిడ రెండూ రాసి మా వైపు తిరిగారు. "మన పెద్దవాళ్ళు క్షేమంగా చేరాం అనేవారు. చేరాక అనేవారు, బయల్దేరకముందు కాదు. భద్రం అని వెళ్ళేవాళ్ళకి చెప్పేవారు. అది హామీ కాదు, చూసుకుని వెళ్ళమని హెచ్చరిక. ఇప్పుడు మనం ఈ ఇంగ్లీషు మాట పట్టుకుని, బయల్దేరకముందే చేరిపోయినట్టు చెప్పుకుంటున్నాం" అన్నారు. ఆ రోజు నాకు అది ఎక్కలేదు. వ్యాసానికి మార్కులు తగ్గాయన్న ఏడుపే ఎక్కింది.

అప్పట్నించీ ఆవిడకి మేము 'సేఫు టీచరు' అని పేరు పెట్టాం. ఆవిడ దగ్గర ఆ మాట ఎవరైనా అంటే చాలు, దేన్నించి, ఎంతసేపు అని అడిగేవారు. హెడ్మాస్టరు గారు మేడమీది గది సేఫ్ అన్నా అంతే, అటెండరు నిచ్చెన సేఫ్ అన్నా అంతే. స్టాఫ్ రూములో ఈ ప్రశ్నలకి విసిగిపోయి ఆవిడ రాగానే కబుర్లు మార్చేసేవారట. ఇప్పుడు చూస్తే ఆ మాట మన ఇళ్ళలో ఉప్పూ పప్పూ అయిపోయింది. సేఫ్‌గా రీచయ్యావా, సేఫ్ సైడుకి గొడుగు పట్టుకెళ్ళు, వాళ్ళబ్బాయికి గవర్నమెంటు ఉద్యోగం, సేఫ్. వినగానే నా లోపల ఎవరో కళ్ళజోడు సర్దుకుని, దేన్నించి అని అడుగుతారు. పైకి అనను. అంటే మా ఇంట్లో వాళ్ళు లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గోదారి బాగా వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఒక్కో ప్రమాద హెచ్చరికా దాటుతోందని రేడియోలో చెబుతూ ఉంటే, లంకలో ఉన్నవాళ్ళందరినీ నావల మీద గట్టుకి చేర్చారు. మా బళ్ళోనే క్యాంపు. నేనూ, అమ్మా, నాన్నమ్మా నేను రోజూ కూర్చునే తరగతి గదిలోనే చాపలు పరుచుకున్నాం. నాన్న గేదెల్ని గట్టుమీదికి తోలుకొచ్చి, దొంగల భయానికి వాటి దగ్గరే పడుకునేవాడు. టీచరు గారు సెలవని ఊరెళ్ళకుండా అక్కడే ఉండిపోయారు. పిల్లలు రేవు వైపు వెళ్ళకుండా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాసేవారు. మాకు ఆవిడ మీద మహా కోపంగా ఉండేది.

వరద తీయడం మొదలైంది. ఇక్కడ మా లంకల పద్ధతి ఒకటి చెప్పాలి. గోదారి ఇంట్లోకి వస్తే పోయేటప్పుడు ఒండ్రు వదిలి వెళుతుంది. అది నీళ్ళతో ఉన్నంతసేపే మెత్తగా జారుతుంది. నీళ్ళు పూర్తిగా వెళ్ళి ఎండ తగిలిందంటే బిగుసుకుపోతుంది, పారలు వంగిపోతాయి. అందుకని నీరు గడప దిగుతూ ఉండగానే ఆడవాళ్ళు వెళ్ళిపోయి, ఆ వెళ్ళే నీళ్ళతోనే ఒండ్రు బయటికి తోసేసేవాళ్ళు. గోదారి తెచ్చినది గోదారితోనే పంపడం అనేది మా నాన్నమ్మ. ఎంత తొందరగా వెళితే అంత తక్కువ చాకిరీ. మా ఇల్లు మెరక మీద, ఒడ్డుకి బాగా దగ్గర. కాబట్టి ఊరందరికంటే ముందు మా గడపే బయటపడింది. పొద్దున్నే నావ నడిపే వీర్రాజు వచ్చి, "పార్వతమ్మ గారూ, మీ ఇంట్లో నీళ్ళు మడమల్లోకి వచ్చేసినాయండి" అని చెప్పాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఈనెల చీపురు చేత్తో పట్టుకుని లేచింది.

వీర్రాజు ఊరికే ఉండకుండా ఇంకో మాట కూడా అన్నాడు. "ఒడ్డు మాత్రం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడతా ఉందండి. మీ అరటి తోట వైపు వచ్చేటప్పుడు రెండు చెట్లు మా కళ్ళముందే ఎల్లిపోయినాయి." గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న టీచరు గారు తల తిప్పి చూశారు. లేచి వచ్చి అమ్మ ముందు నిలబడ్డారు.

"ఒడ్డు పడుతుంటే ఇప్పుడు వెళ్ళడం ఎందుకండి పార్వతమ్మ గారూ? రేపు చూసుకుని వెళ్ళండి" అన్నారు.

అమ్మ నవ్వింది. "గోదారి తీసేస్తోంది కదండి, ఇంకేం భయం. వచ్చేటప్పుడే ఏం చెయ్యలేదు, పోయేటప్పుడు చేస్తుందేంటి? మా ఇల్లు ఎన్ని గోదార్లు చూసిందో మీకు తెలియదండి. మాది సేఫేనండి."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండుననుకున్నాను. టీచరు గారు అలవాటుగా అడిగారు, "ఎంతసేపండి?" అని. అమ్మ నాకేసి చూసి, ఈవిడకేమైనా చాదస్తమా అన్నట్టు కళ్ళతోనే అడిగి, వీర్రాజు వెనకాల వెళ్ళిపోయింది. మాకెవరికీ అప్పటికి తెలియని సంగతేమిటంటే, నీళ్ళు ఒడ్డుని నానబెట్టి కూడా దాన్ని ఆనుకుని నిలబెడతాయి. తీసినప్పుడు ఆ ఆసరా పోతుంది. ఇది నాకు ఉద్యోగంలో చేరాక శిక్షణలో చెప్పారు. టీచరు గారికీ ఆ రోజు తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా, ఎంతసేపు అన్నదానికి జవాబు రాలేదని.

తర్వాత గడిచిన సమయం ఉంది చూశారూ, అది ఇప్పటికీ నాకు నిమిషం నిమిషం గుర్తుంది. నాన్నమ్మ కునికిపాట్లు పడుతోంది. ఎవరో పులిహోర పొట్లాలు పంచుతున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి గోదారి అవతలికి చూస్తున్నాను. మా ఇల్లు కనబడదు, కొబ్బరి చెట్ల మొవ్వులు కనబడతాయి. ఉండుండి దూరంగా ధబ్ మని శబ్దం వస్తోంది. బరువైన బస్తా ఎవరో ఎత్తు మీంచి నీళ్ళలోకి వేసినట్టు. ఒక్కో శబ్దానికీ నేను చెట్లు లెక్కపెట్టుకోవడం, తడబడటం, మళ్ళీ మొదటినించీ చూసుకోవడం. టీచరు గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"భయంగా ఉందా?" అని అడిగారు.

"లేదండి."

"నాకుంది" అన్నారు. ఒక పెద్దావిడ, అందులోనూ టీచరు, నాలాంటి పిల్ల ముందు భయంగా ఉందని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. వెంటనే నాకు ఏడుపొచ్చేసింది. "నాకూ ఉందండి" అన్నాను. ఆవిడ నా వీపు నిమిరి, "నువ్వు గట్టుమీదే ఉండు. రేవులోకి రాకు. మాటివ్వు" అన్నారు. ఇచ్చాను. గొడుగు కుర్చీకి తగిలించి, చెప్పులు విడిచిపెట్టి, గట్టు దిగి వెళ్ళిపోయారు.

మాట తప్పకుండా గట్టుమీదే నిలబడి చూశాను. వీర్రాజు నావ ఒడ్డున ఉంది. ఆవిడ ఏదో అడుగుతున్నారు, వాడు తల అడ్డంగా ఊపి, తర్వాత నిలువుగా ఊపాడు. వాడు చెయ్యి అందిస్తే ఆవిడ ఒక కాలు నావలో పెట్టి, ఒక కాలు నేలమీద ఉంచి, అటూ కాక ఇటూ కాక ఉండిపోయారు. గట్టుమీద ఉన్న జనం నవ్వుతున్నారు. "సేఫు టీచరు నావెక్కుతోందిరోయ్" అని ఎవరో అరిచారు. ఆవిడ ఎక్కేశారు. కూర్చుని, రెండు చేతులా నావ అంచులు పట్టుకుని, తల దించేసుకున్నారు. నావ సుడులు తప్పించుకుంటూ పక్కలకి జరుగుతూ వెళుతుంటే ఆవిడ వీపు తప్ప నాకేం కనబడలేదు. ఇప్పుడు నాకు ఇద్దరి గురించి భయం. అమ్మకి ఈత వచ్చు, ఈవిడకి రాదు. ఒకవేళ అమ్మ బాగానే ఉండి ఈవిడకే ఏదైనా అయితే, నేను ఏడవబట్టే కదా వెళ్ళారు అనుకున్నాను. మళ్ళీ ధబ్ మని శబ్దం. నావ అరటి తోటల వెనక్కి వెళ్ళిపోయింది.

ఎండ నడినెత్తికొచ్చాక నావ తిరిగి కనబడింది. అందులో ముగ్గురున్నారు. అమ్మ ముందు కూర్చుని చీపురు ఒళ్ళో పెట్టుకుని మూతి ముడుచుకుని ఉంది. వెనక టీచరు గారు మోకాళ్ళ దాకా ఒండ్రుతో, మళ్ళీ అంచులు పట్టుకుని ఉన్నారు. వీర్రాజు ఇకిలిస్తున్నాడు. నేను మాట మర్చిపోయి రేవులోకి పరుగెత్తాను. అమ్మని పట్టుకుంటే, "ఏంటే ఆ ఏడుపు, నాకేమయిందని" అని విదిలించుకుంది. నాన్న గేదెల దగ్గర్నించి వచ్చి, పని సగంలో వదిలేసి ఎందుకొచ్చేశావని గదమాయించాడు. "ఏం చెయ్యనయ్యా, టీచరు గారు అంత దూరం వచ్చి గుమ్మంలో నిలబడితే, పొమ్మని ఎలా అంటాను? మర్యాదగా ఉంటుందా?" అంది అమ్మ. నాన్న పళ్ళు నూరుకున్నాడు. టీచరు గారు తిన్నగా వెళ్ళి పంపు కింద కాళ్ళు కడుక్కున్నారు. చెంబు అందుకుని నేనే నీళ్ళు పోశాను.

ఇక్కడ ఇల్లు కూలిపోయిందని చెబితే కథ బాగా ఉండేది. కూలలేదు. ఆ రోజూ కూలలేదు, మర్నాడూ కూలలేదు. అరటి తోట చివర కొంత నేల గోదారిలో కలిసింది గానీ మా ఇల్లు అలాగే నిలబడింది, తర్వాత చాలా ఏళ్ళు నిలబడింది. మేము వెళ్ళేసరికి ఎండకి ఒండ్రు మాత్రం రాయిలా బిగుసుకుంది. రెండు గదులూ, వంటపాకా, అరుగూ. నాన్న పార వేసి కొడితే ఖంగుమంది. ఒక్కో పెళ్ళకీ ఒక్కో తిట్టు. భయపడేవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి గానీ ఊరి మీద పడి అందరి పనులూ చెడగొట్టడమేంటని ఊరంతా నవ్వింది. నాకు బడికి వెళ్ళాలంటే సిగ్గుగా ఉండేది. అందరితో పాటు నేనూ నవ్వాలో, ఆవిడ పక్కన నిలబడాలో తేలేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయిపోయాక కాబోలు, వీర్రాజు నావలో టీచరు గారు మళ్ళీ వచ్చారు. పాత చీర కట్టుకుని, ఎక్కడో అరువు తెచ్చిన పార పట్టుకుని. నావ దిగేటప్పుడు ముఖం పాలిపోయి ఉంది. తిన్నగా వంటపాకలోకి వెళ్ళి ఒండ్రు గోకడం మొదలుపెట్టారు. అమ్మ గాభరాపడి పార లాక్కోబోయింది.

"అయ్యయ్యో, ఇదేంటండి, మీరు కూర్చోండి" అంది.

"మిమ్మల్ని ఆపింది నేను. నా భయానికి మీరొక్కరే కష్టపడితే ఎలాగండి?" అన్నారు టీచరు గారు.

నాన్న ఊరుకోలేదు. అరుగు మీంచే అన్నాడు, "మరి ఇల్లు పడలేదు కదండీ. మీరు చెప్పింది తప్పే కదండి."

"పడలేదండి, దేవుడికి స్తోత్రం" అన్నారు ఆవిడ పార ఆపకుండా. "పడుతుందని నేను అనలేదండి. పడదని చెప్పలేననే అన్నాను. పడనందుకు నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరూ లేరు. నా భయాలన్నీ ఇలాగే తప్పవ్వాలని రోజూ ప్రార్థన చేసుకుంటాను." నాన్న అరుగు దిగి వెళ్ళి కొబ్బరి బొండం కొట్టి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. సాయంత్రానికి ఆవిడ అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. మర్నాడు తరగతిలో సుద్దముక్క వేళ్ళతో పట్టుకోలేక గుప్పెట్లో పట్టుకుని, పెద్ద పెద్ద వంకర అక్షరాలు రాస్తుంటే, ఆ రోజు ఒక్కరం కూడా నవ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక రామచంద్రపురం వెళ్ళి ఆవిడకి చెప్పాను. అప్పటికి రిటైరై చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. వరద డ్యూటీలు ఉంటాయని చెప్పగానే ఆవిడ ముఖంలో సంతోషం కాస్తా దిగులైంది. "జనం తిడతారమ్మా. ఏదైనా జరిగినప్పుడు కంటే ఏమీ జరగనప్పుడు ఎక్కువ తిడతారు" అన్నారు. "అలవాటవుతుందాండి?" అని అడిగాను. "తిట్లా? అవుతాయి. భయం మాత్రం అలవాటు చేసుకోకు. అలవాటైతే పని చెయ్యదు" అన్నారు. బస్సు దాకా వచ్చి, నేను ఎక్కేటప్పుడు ఫుట్‌బోర్డు చూసుకోమని, కిటికీలోంచి చెయ్యి పెట్టొద్దని, దిగాక ఫోను చెయ్యమని చెప్పారు. ఫోను చేసి క్షేమంగా చేరానండి అన్నాను. ఆవిడ హమ్మయ్య అన్నారు, నేనేదో సముద్రం దాటి వచ్చినట్టు.

పోయిన ఏడాది ఆవిడ కాలం చేశారు. నాన్న అంతకుముందే పోయాడు, అమ్మ నా దగ్గరే ఉంటోంది. తీసుకెళ్ళమని పట్టుబడితే చర్చికి తీసుకెళ్ళాను. పాస్టరు గారు ఆవిడ గురించి చెబుతూ ధైర్యవంతురాలైన సహోదరి అన్నారు. అమ్మ నా చెవి దగ్గర చేరి, "ధైర్యవంతురాలేంటి, పిరికిది, ఎంత పిరికిదో నాకు తెలుసు" అంది. నవ్వుతోందనుకుని చూస్తే కళ్ళనిండా నీళ్ళు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో, నేను అడక్కుండానే చెప్పింది.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి గజగజ వణికిపోతోందే. ఎందుకొచ్చారండి అన్నాను. మీకేమైనా అవుతుందేమోనని భయమేసి వచ్చానండి అంది. నాకు జ్వరమొస్తే వంటెవరు చేస్తారని భయపడ్డారు మనింట్లో. నేను జారిపడితే గేదెల పాలెవరు పితుకుతారని భయపడ్డారు. ఉత్తినే, నాకోసం, నాకేమవుతుందోనని భయపడ్డ మనిషి ఆవిడొక్కత్తేనే సత్యా."

"మర్యాద కోసం వచ్చానన్నావుగా అప్పుడు" అన్నాను.

"మీ నాన్న ముందు ఇంకేం చెప్పను?" అంది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ. అమ్మ చెప్పిన ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. అప్పట్లో ఆ కిటికీ దగ్గర నేను ఏడ్చిన ఏడుపులో అమ్మ కోసం ఎంతో, అమ్మ లేని నా కోసం ఎంతో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం క్యాంపు గేటు దగ్గర గొడవైంది. దుర్గ అని, లంక అంచున ఇల్లున్న మనిషి, చీపురూ పారా పట్టుకుని బయల్దేరింది. నీళ్ళు గడప దిగిపోయాయని కబురొచ్చిందట. నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. "ఒండ్రు బిగుసుకుపోతుందండి, మీకేం తెలుస్తుంది, నెల తిరిగితే జీతాలొచ్చేవాళ్ళకి" అంది. తెలుసన్నాను. ఒడ్డు చూసి దారి తెరిచాక నేనూ పార పట్టుకుని వస్తానన్నాను. ఇలాంటి అధికారులని చాలామందిని చూశానన్నట్టు ఆవిడ పెదవి విరిచింది. చుట్టూ జనం మూగారు. ఎవరో మండలాఫీసుకి ఫోను చేస్తామన్నారు. భయం దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

"ఇల్లు పడిపోతుందంటారా?" అని అడిగింది దుర్గ.

"ఏమోనమ్మా. పడకపోవచ్చు."

"మరి నన్నెందుకు ఆపుతున్నారు?"

"నువ్వు లోపల ఉండగా పడుతుందేమోనని నాకు భయంగా ఉంది."

ఆవిడ నా ముఖంలోకి చూసింది, వణుకుతున్న నా చేతులకేసి చూసింది.

"నా గురించాండి?" అంది.

"నీ గురించే."

ఆవిడ పార గోడకి ఆనించి, వరండా మెట్టు మీద కూర్చుని, నన్ను కూడా కూర్చోమని పక్కకి జరిగింది.